కోరంగి అంటే ఎవరు?

మీ ఇంట్లో బాగా పెద్దవాళ్ళెవరైనా ఉన్నారా? అందులోనూ మీది గోదావరి జిల్లాల వైపో, విశాఖపట్నం, శ్రీకాకుళం వైపో అయితే 'రంగం' అన్న మాట మీ చెవిన పడే ఉంటుంది. "మా తాత రంగం వెళ్ళాడు", "ఆ మేడ రంగం డబ్బుతో కట్టిందే" అంటూ ఉంటారు. ఇదేదో నాటకరంగం అనుకునేరు! రంగం అంటే రంగూన్ పట్నం. 1989లో అక్కడి ప్రభుత్వం బర్మా పేరు మియన్మార్ అనీ, రంగూన్ పేరు యాంగోన్ అనీ మార్చింది గానీ మన పెద్దవాళ్ళ నోట్లో మాత్రం అది రంగమే.

సరే, ఇది మనవాళ్ళు ఆ ఊరికి పెట్టుకున్న ముద్దుపేరు. మరి ఆ ఊళ్ళో మనవాళ్ళకి ఏం పేరు పెట్టారో తెలుసా? 'కోరంగి'! తెలుగువాడు అనలేదు, ఆంధ్రుడు అనలేదు. విజయనగరం నుంచి వెళ్ళినా కోరంగే, నర్సాపురం నుంచి వెళ్ళినా కోరంగే. తెల్లదొరల రిపోర్టుల్లో కూడా మన జాతి పేరు రాయవలసిన చోట 'కోరంగీలు' అని రాసేవారు.

ఒక జాతికి పేరు ఎలా వస్తుంది, ఎవరు పెడతారు, అది మంచి మాటగా ఉన్నది తిట్టు ఎప్పుడవుతుంది? ఈ సంగతి పండితులు చూసుకుంటారు, మనకెందుకు అంటారేమో. కానీ మన పిల్లలు ఇప్పుడు దేశదేశాలు తిరుగుతున్నారు కదండీ. ఎక్కడో ఎవరో వాళ్ళని ఏదో ఒక మాట అంటారు. ఆ మాట ఎక్కడ పుట్టిందో తల్లులకి తెలిసి ఉంటే మంచిదే కదా.

ముందు కోరంగి ఊరి సంగతి చెబుతాను. కాకినాడ నుంచి యానాం వెళ్ళే బస్సు ఎక్కితే దారిలో వస్తుంది, తాళ్ళరేవు దగ్గర. ఇప్పుడు అందరూ అక్కడికి మడ అడవులు చూడ్డానికి వెళుతున్నారు. 1978లో దాన్ని అభయారణ్యం చేశారు. నీళ్ళమీద చెక్కల వంతెన, పడవ షికారు, పిల్లలకి సరదాగా ఉంటుంది. కానీ గౌతమీ గోదావరి సముద్రంలో కలిసే ఆ చోట రెండు వందల పాతికేళ్ళ కిందట పెద్ద రేవు ఉండేది. ఓడలు కట్టేవారు, పాడైన ఓడలకి మరమ్మతులు చేసేవారు. తూర్పు తీరంలో ఆ పనికి కోరంగిది పెద్ద పేరు.

1789 డిసెంబరులో తుఫాను వచ్చింది. సముద్రం మూడు పెద్ద అలలుగా ఊరిమీదికి లేచి వచ్చిందట. ఆ విషయం తరవాత గ్రంథస్థం చేసినవాడు కలకత్తాలో ఉండే హెన్రీ పిడింగ్టన్ అనే ఇంగ్లీషాయన. ఇంగ్లీషులో 'సైక్లోన్' అన్న మాట పుట్టించింది కూడా ఈయనే! మళ్ళీ 1839 నవంబరులో ఇంకో తుఫాను. రెండు దెబ్బలకీ ఊరు కోలుకోలేదు. ఏటి ముఖం మేట వేసుకుపోయింది. వ్యాపారమంతా మెల్లగా కాకినాడకి జరిగింది.

విచిత్రం ఏమిటంటే, ఊరు చితికిపోయాక కూడా పేరు బతికింది. మొదట కోరంగి రేవులో ఓడెక్కి వెళ్ళినవాళ్ళని చూసి బర్మాలో 'కోరంగి నుంచి వచ్చినవాళ్ళు' అన్నారు. తరవాత కాకినాడలో, విశాఖపట్నంలో, భీమునిపట్నంలో, కళింగపట్నంలో ఓడెక్కినవాళ్ళకీ అదే పేరు అంటుకుంది. మారిషస్ దీవికి చెరుకు తోటల్లో పనికి వెళ్ళిన మన తెలుగువాళ్ళని కూడా కోరంగీలనే అన్నారు. ఆ ఊరి గడప తొక్కనివాళ్ళు కూడా ఆ ఊరివాళ్ళయిపోయారన్నమాట. రైల్లో పైనుంచి వచ్చినవాళ్ళందరినీ మనం 'బొంబాయివాళ్ళు' అనేయమూ? అలాగే.

ఇంతవరకూ ఇందులో తప్పేమీ లేదు. మరి తిట్టు ఎలా అయింది?

తెల్లవాళ్ళు బర్మాని మూడు యుద్ధాల్లో, 1824 నుంచి 1885 లోపల, ముక్కలు ముక్కలుగా మింగేశారు. 1937 దాకా అది మన దేశంలో ఒక రాష్ట్రంలాగే ఉండేది, పాస్‌పోర్టు లేదు ఏమీ లేదు. అక్కడి డెల్టాలో వరి సాగు విపరీతంగా పెరిగింది. కోతలకి మనుషులు కావాలి, ధాన్యం మిల్లులకి కావాలి, ఓడల్లో బస్తాలు ఎత్తడానికి కావాలి, రిక్షాలు లాగడానికి కావాలి. మేస్త్రీ మన ఊళ్ళోకి వచ్చి చేతిలో అడ్వాన్సు పెట్టేవాడు. అప్పులో ఉన్నవాడు, కరువులో ఉన్నవాడు ఆ డబ్బు ఇంట్లో ఇచ్చి ఓడెక్కేవాడు, డెక్కు మీద, గొడ్ల మాదిరి. అక్కడ దిగాక ఆ అడ్వాన్సు కూలిలోంచి కోసుకుంటూ ఉండేవారు. రంగంలో కూలీలు ఉండే ఇళ్ళల్లో ఒక్క గదిలో ఎంతమంది ఉండేవారంటే, పడుకోవడానికి వంతులు వేసుకునేవారు. పగలు పనికి వెళ్ళినవాడు లేచిన చాప మీద రాత్రి పని చేసినవాడు పడుకునేవాడు.

1931 జనాభా లెక్కల నాటికి రంగూన్‌లో నాలుగు లక్షల మంది ఉంటే, అందులో సగానికి పైగా మన దేశంవాళ్ళే! చాలామంది మగవాళ్ళు. ఆడవాళ్ళు ఇక్కడే, మన ఊళ్ళల్లో, పిల్లల్నీ అత్తమామల్నీ చూసుకుంటూ మనియార్డరు కోసం ఎదురుచూస్తూ ఉండిపోయారు. వాళ్ళ కష్టం ఏ లెక్కల్లోనూ రాలేదు.

ఇప్పుడు చూడండి. ఊళ్ళో అందరికంటే తక్కువ కూలికి, అందరికంటే మురికి పని చేసే మనిషిని చూపించి 'వీడు కోరంగి' అంటే, కొన్నాళ్ళకి 'కోరంగి' అంటేనే మురికివాడు, గతిలేనివాడు అని అర్థం స్థిరపడుతుంది. మాట తప్పు చెయ్యలేదు. ఆ మనుషుల్ని ఉంచిన తీరు మాటకి అంటుకుంది. మన ఇళ్ళల్లో 'పనిమనిషి' అన్న మాట కూడా అంతే కదూ! పని, మనిషి రెండూ మంచి మాటలే. కలిపి పలికే గొంతులోనే వస్తుంది తేడా.

1930 మే నెలలో ఈ మాట రక్తం కళ్ళజూసింది. రంగూన్ రేవులో బరువులెత్తే తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె చేశారు. కంపెనీలు వాళ్ళ బదులు బర్మావాళ్ళని పనిలో పెట్టుకున్నాయి. కొద్దిరోజులకి సమ్మె తీరింది, కూలి కొంచెం పెంచారు, మనవాళ్ళు మళ్ళీ పనికి వచ్చారు. అక్కరకి పిలిచిన బర్మావాళ్ళని 'ఇక పొండి' అన్నారు. మే 26న రేవులో కొట్లాట మొదలై ఊరంతా పాకింది. వందమందికి పైగా చనిపోయారు, ఎక్కువమంది మన తెలుగు కూలీలే. తలుపులు వేసుకుని ఇళ్ళల్లో దాక్కున్నవాళ్ళని కూడా వెతికి పట్టుకున్నారు.

బర్మావాడి తరఫు కూడా ఒక మాట చెప్పాలి. వాడి దేశంలో వాడికే పని లేదు. వరి ధర పడిపోయింది, పొలాలు అప్పులవాళ్ళ పాలయ్యాయి. ఇద్దరు పేదవాళ్ళ మధ్య ఒక రొట్టె వేసి కూర్చున్నవాళ్ళు వేరే ఉన్నారు. వాళ్ళని ఎవరూ ఏ పేరూ పెట్టి తిట్టలేదు.

మా నాయనమ్మ పుట్టిల్లు కోరంగి పక్కనే. ఆవిడ మేనమామ రంగం రేవులో పనిచేసి తిరిగొచ్చినవాడు. ఆయన పుట్టింది పెరిగింది అచ్చంగా కోరంగిలో. అయినా "మీదేవూరు?" అని ఎవరైనా అడిగితే "తాళ్ళరేవు దగ్గరండీ" అనేవాడట తప్ప చచ్చినా కోరంగి అనేవాడు కాదట. బండివాడు ఊరు తెలియక తికమకపడుతున్నా సరే, "అలా పోనీ, నేను చెబుతాగా" అనేవాడట. మా నాయనమ్మ ఈ సంగతి నవ్వుతూనే చెప్పేది. నాకు మాత్రం తలుచుకున్నప్పుడల్లా మనసు చివుక్కుమంటుంది. సొంత ఊరి పేరు నోటితో చెప్పుకోలేకపోవడం కంటే ఏం కావాలి చెప్పండి.

1941 డిసెంబరులో జపాన్‌వాళ్ళు రంగూన్ మీద బాంబులు వేశారు. ఓడలు దొరికినవాళ్ళు ఓడల్లో, దొరకనివాళ్ళు కాలినడకన బయలుదేరారు. సుమారు నాలుగు లక్షల మంది అడవులూ కొండలూ దాటి అస్సాం, మణిపురం, అరకాను దారుల్లో నడిచి వచ్చారు. దారిలో వేలమంది పోయారు. మిగిలినవాళ్ళల్లో చాలామంది 1962లో సైనిక ప్రభుత్వం వచ్చి దుకాణాలూ వ్యాపారాలూ లాగేసుకున్నాక తిరిగొచ్చారు. విశాఖపట్నంలో బర్మా క్యాంపు అలా ఏర్పడ్డదే.

ఇక రెండో మాట. మా అక్క కొడుకు కౌలాలంపూర్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. ఒకరోజు ఫోన్‌లో "పిన్నీ, 'క్లింగ్' అంటే ఏమిటి? ఇక్కడొకాయన మాటల్లో అన్నాడు, పక్కనున్న తమిళబ్బాయి మొహం మాడిపోయింది" అని అడిగాడు. వాడు అడిగాకే నేను దీని వెంట పడ్డాను.

క్లింగ్, కెలింగ్ అంటే మరేం కాదు, మన కళింగ! అశోకుడు యుద్ధం చేసిన కళింగం, ఇప్పటి ఒడిశా, మన శ్రీకాకుళం, విశాఖ ప్రాంతాలు. శ్రీకాకుళం జిల్లాలో సముద్రం ఒడ్డున ఇప్పటికీ కళింగపట్నం ఉంది కదా. ఆ తీరం నుంచి వెనకటికి జావా, సుమత్రా, మలయా దేశాలకి ఓడలు వెళ్ళేవి. కటకంలో కార్తీక పౌర్ణమికి బాలియాత్ర అని పెద్ద సంబరం చేస్తారు. ఆ వేకువన ఆడవాళ్ళు చిన్న చిన్న పడవలు చేసి దీపం పెట్టి నీళ్ళల్లో వదులుతారు, బాలి దీవికి వెళ్ళిన ఓడల జ్ఞాపకంగా. మనం పోలి పాడ్యమికి అరటిదొప్పల్లో వత్తులు వెలిగించి వదిలేది గుర్తురావడంలేదూ?

అలా వచ్చిన కళింగులు ముందు పరిచయమయ్యారు గనక, ఆ తరవాత దక్షిణ దేశం నుంచి ఎవరు వచ్చినా మలయావాళ్ళు కెలింగ్ అన్నారు. వచ్చినవాళ్ళల్లో రాను రాను తమిళులే ఎక్కువయ్యారు. పేరేమో మనవైపుది, మోసింది వాళ్ళు!

ఈ మాటకి ఒకప్పుడు ఎంత గౌరవమో చెప్పనా? 1511లో పోర్చుగీసువాళ్ళు మలక్కా పట్టుకున్నారు. ఆ రోజుల్లో అక్కడున్న టోమె పిరెస్ అనే పోర్చుగీసాయన, మలక్కాలో అందరికంటే పెద్ద వ్యాపారం క్లింగులదేనని రాశాడు. వాళ్ళల్లో నీనా చాటు అనే వర్తకుణ్ణి పోర్చుగీసువాళ్ళు 'బెందహార' చేశారు, అంటే మంత్రి అంతటి పదవి. మలక్కాలో 1748లో కట్టిన మసీదు ఒకటి ఇప్పటికీ ఉంది. పేరు కంపుంగ్ క్లింగ్ మసీదు, అంటే 'క్లింగుల పేట మసీదు'. పేరు పెట్టుకున్నప్పుడు ఎవరికీ చిన్నతనం లేదు.

తరవాత ఇంగ్లీషువాళ్ళ రోజులొచ్చాయి. రబ్బరు తోటలకి, రోడ్లకి మనదేశం నుంచి కూలీలని దింపారు. 1825 నుంచి 1873 దాకా సింగపూర్‌కి మనదేశపు ఖైదీలని కూడా తోలారు. అక్కడ పేరుపడ్డ సెయింట్ ఆండ్రూస్ చర్చి కట్టింది ఆ ఖైదీలే. వర్తకుడి పేరు కాస్తా కూలివాడి పేరైంది, మాట కిందికి జారింది. చివరికి సింగపూర్‌లో 'క్లింగ్ వీధి' అని ఉన్నదాన్ని 1921లో 'చూలియా వీధి'గా మార్చారు. ఆ పేరు తమకి అవమానంగా ఉందని మనదేశంవాళ్ళు మొరపెట్టుకుంటే.

అన్నిటికంటే బాధ కలిగించేది ఇది: ఆ దేశాల్లో చాలామందిని అడిగితే, 'క్లింగ్' అంటే ఖైదీల కాళ్ళ సంకెళ్ళ చప్పుడు నుంచి వచ్చింది అంటారట. క్లింగ్ క్లింగ్‌మని! మనవాళ్ళు కొందరు కూడా అదే నమ్ముతారు. టోమె పిరెస్ రాసిన నాటికి సింగపూర్‌లో ఖైదీలూ లేరు, ఇంగ్లీషువాళ్ళూ లేరు. ఒక రాజ్యం పేరుని సంకెళ్ళ చప్పుడు చేసేశారు. మాటని చిన్నచూపు చూడ్డం మొదలయ్యాక, దానికి తగ్గ పుట్టుక కథ కూడా జనమే అల్లేస్తారు.

మా అక్క కొడుక్కి ఇదంతా చెబితే "అయితే ఈసారి ఎవరైనా అంటే థాంక్స్ చెప్పాలా పిన్నీ?" అన్నాడు. వద్దురా నాయనా, ఎదుటివాడి గొంతు చూసి మాట్లాడు అన్నాను.

ఇంకో చిన్న మాట కూడా చెప్పేసి ముందుకు వెళతాను. మద్రాసులో ఇంగ్లీషువాళ్ళు తెలుగుని చాలాకాలం 'జెంటూ' భాష అన్నారు. 1817లో మద్రాసులో విలియం బ్రౌన్ అనే ఆయన వేసిన తెలుగు వ్యాకరణం పేరే జెంటూ వ్యాకరణం. (మన నిఘంటువు బ్రౌన్ దొర ఈయన కాదు సుమా, ఆయన చార్లెస్ ఫిలిప్ బ్రౌన్.) పోర్చుగీసువాళ్ళు క్రైస్తవులు కానివాళ్ళని 'జెంతియో' అనేవారు, అందులోంచి వచ్చిందిది. అంటే మన భాషకి 'మన మతం కానివాళ్ళ భాష' అని పేరు. దానికంటే కోరంగే నయం, కనీసం ఊరి పేరు!

ఇదంతా మనకి మాత్రమే జరిగింది కాదు. ఫ్రెంచివాళ్ళు జర్మనీవాళ్ళని పిలిచే పేరు సరిహద్దులో ఒకప్పుడున్న అలమన్ని అనే ఒక్క తెగ పేరు. ఫిన్లాండువాళ్ళు అదే జర్మనీని 'సక్స' అంటారు, సాక్సన్ల పేరుతో. గుమ్మంలో ముందు ఎవరు కనబడితే వాళ్ళ పేరు ఇల్లంతటికీ పెట్టెయ్యడం లోకమంతా ఉన్నదే.

మరి మన సంగతో? 'అరవం' అంటామే, ఆ మాట ఎక్కడిది? తమిళదేశంలో ఉత్తరపు కొసన, మన పక్కనే, 'అరువా నాడు' అని ఒక ప్రాంతం ఉండేది. మనకి ముందు తగిలింది అదే గనక మొత్తం తమిళులందరికీ ఆ పేరు పెట్టేశాం. అచ్చం కోరంగిలాగే. పండితులు ఎక్కువమంది చెప్పే మాట ఇదే. కానీ మీరు నలుగురిని అడిగి చూడండి, "గట్టిగా అరిచినట్టు మాట్లాడతారు గనక అరవం" అంటారు! సంకెళ్ళ చప్పుడు కథకీ దీనికీ తేడా ఏముంది? 'అరవ గోల', 'అరవ చాకిరీ' అని సామెతల్లాగా వాడేస్తాం, పిల్లల ముందరే.

వాళ్ళూ తక్కువ తినలేదు లెండి. పాత తమిళంలో మనకి 'వడుగర్' అని పేరు, ఉత్తరదిక్కువాళ్ళు అని. అది మర్యాదైన మాటే. ఈ కాలం కాలేజీ పిల్లలు మాత్రం 'గొల్టి' అంటారు, తెలుగు అన్న మాటని ఇంగ్లీషులో తిరగేసి. మద్రాసులో చదివిన పిల్లలున్న తల్లులందరికీ ఈ మాట తెలిసే ఉంటుంది.

మా పై వాటాలో మూడేళ్ళ నుంచి కుంభకోణం వాళ్ళున్నారు. ఆవిడతో ఈ మాటలన్నీ చెప్పుకుంటూ ఒక మధ్యాహ్నమంతా నవ్వుకున్నాం. అరవం అంటే మీకు కోపం వస్తుందా అని అడిగితే "ఎవరు అన్నారు, ఎలా అన్నారు, అదీ" అంది. ఆరోజే వత్తక్కుళంబు చెయ్యడం చూపించింది. ఎండబెట్టిన సుండక్కాయలు, అంటే మన ఉస్తికాయలు, నువ్వులనూనెలో నల్లగా వేయించి, చిక్కటి చింతపండు రసంలో వేసి నూనె పైకి తేలేదాకా మరిగిస్తుంది. నాలుగు రోజులు నిలవుంటుంది. మా అత్తగారు దాన్ని 'అరవ పులుసు' అనేవారు. పిల్లలిప్పుడు 'మామి పులుసు' అంటున్నారు.